పింగళవేణి వంతెన మీద విచారణ

వజ్రకూట సైన్యం మాకు మాటిచ్చి తప్పింది. ఇది నా కోపం కాదు, జరిగిన సంగతి. వాళ్ళ ఆస్థాన కవులు దీన్ని ఇంకో రకంగా పాడుతున్నారని విన్నాను. పాడుకోనీ. ఆ రోజు వంతెన దగ్గర కవులెవరూ లేరు. నేనున్నాను.

నా పేరు బొల్లన. శంఖగిరి కోట వెనక వీధిలో తోలుపని చేసేవాణ్ణి. జోళ్ళు, జీనులు, కత్తుల ఒరలు కుట్టేవాణ్ణి. వీధిబడిలో దిద్దిన అక్షరాలు తప్ప నాకు వేరే చదువు లేదు. నా భార్య మైలమ ఆడవాళ్ళ చావడికి పెద్ద. పొలం తగాదా అయినా, మొగుడు కొట్టాడన్న ఫిర్యాదైనా ఆమె ముందుకే వచ్చేది. ఆమె చెప్పిన తీర్పును ఊరి పెద్దలు కూడా మార్చేవాళ్ళు కాదు.

అంతకుముందు మా దేశంలో ఆడదానికి గొంతే లేదు. మాట వరసకు అనడం లేదు. నిజంగానే లేదు.

కాకులకొండ గుహలో ధూమకేశుడనే మాంత్రికుడుండేవాడు. వాడి తల మీద వెంట్రుకలు లేవు, పొగ ఉంది. నల్లటి పొగ జడలు జడలుగా భుజాల మీదికి జారి, గాలి లేనప్పుడు కూడా కదులుతూ ఉండేది. ఆ పొగను వేళ్ళతో వడికి, దారం తీసి, ముసుగులు నేసేవాడు. ముసుగు కప్పిన ఆడమనిషి గొంతు ఆమెను విడిచి, కొండ గుహలో అరల మీద పేర్చిన కుండల్లోకి పోయి చేరేది. కుండ మూతికి లక్క పోసి వాడు ముద్ర వేసేవాడు. కొండ కింద మేకలు కాసుకునేవాళ్ళకు పగలంతా లోపలి నుంచి సన్నగా మూలుగు వినిపించేది. ఊళ్ళలో పెళ్ళికి పాట లేదు, చావుకు ఏడుపు లేదు. నొప్పులు పడే ఆడది నొప్పి ఎక్కడో చెప్పలేక చచ్చిపోయేది. మా అమ్మ అలాగే పోయింది.

తర్వాత వజ్రకూటం వాళ్ళు వచ్చారు. మా కోసం రాలేదు, మా కనుమదారి కోసం వచ్చారు. అయినా గుహ పగలగొట్టింది వాళ్ళే. ఆ మాట దాచను. కుండలు పగిలిన రోజు గొంతులన్నీ తేనెటీగల గుంపులా కొండ దిగి, వీధి వీధి తిరిగి, తమ మనుషుల్ని వెతుక్కున్నాయి. మనుషులు చచ్చిపోయిన గొంతులు పాడుబడ్డ ఇళ్ళ చూరుల కింద చాలాకాలం ఏడ్చాయి. బతికున్న ఆడవాళ్ళు మాట్లాడటం మొదలుపెట్టారు. చావడి కట్టుకున్నారు, బడి పెట్టుకున్నారు, పొలాలు తమ పేర రాయించుకున్నారు. ధూమకేశుడు మాత్రం దొరకలేదు. పొగ గదా, సందుల్లోంచి జారుకున్నాడు.

ఏళ్ళు గడిచాక వజ్రకూట చక్రవర్తికి మా దేశం మీద విసుగు పుట్టింది. పరదేశంలో సైన్యాన్ని మేపడం దండగ అనుకున్నాడు. ధూమకేశుడితో సంధి చేసుకున్నాడు. కవచం తొడిగిన వజ్రకూట సిపాయి ఎవరినీ వంతెన దాటేదాకా ముట్టుకోనని మాంత్రికుడు పింగళవేణి నీళ్ళు ముట్టి ప్రమాణం చేశాడు. ఆ నది మీద చేసిన ప్రమాణం తప్పితే వాడి పొగ చెదిరిపోతుంది. అందుకని ఆ ఒక్క మాట వాడు తప్పడు.

సంధి సంగతి తెలిసిన రోజే మైలమ నన్ను వెంటబెట్టుకుని కోటకు పోయింది. వజ్రకూట సేనాపతి అమరకేతు గుడారంలో తివాచీలు చుడుతున్నారు.

"కూర్చోండి, మైలమగారూ," అన్నాడు అమరకేతు. పొడవైన మనిషి. దువ్విన తెల్లటి గడ్డం. మా భాషను పుస్తకాల్లో నేర్చుకున్నాడు.

"కూర్చునే పనైతే మా చావడిలోనే కూర్చుంటా. సంధిలో మా ఆడవాళ్ళ గురించి ఏముంది?"

"ఆ విషయం ప్రస్తావనకు రాలేదు."

"రాలేదా, మీరు తేలేదా?"

"నేను సైనికుణ్ణి. షరతులు నిర్ణయించేది చక్రవర్తి."

"మీ గుర్రాలకు దారిలో దాణా ఎవరు పెట్టాలనేది కూడా మాట్లాడుకున్నారంట గదా. దాణా గుర్తొచ్చింది, మేము గుర్తు రాలేదు. సరే. మీరు పోయిన మరుక్షణం వాడు కొండ దిగుతాడు. మొదట చావడిలో తీర్పు చెప్పినోళ్ళను చంపుతాడు. తర్వాత బడిలో చెప్పినోళ్ళను, పురుళ్ళు పోసినోళ్ళను. మిగతావాళ్ళ గొంతులు మళ్ళీ కుండల్లోకి పోతాయి. ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు రేపు వచ్చి చేరతారు. రేపు పొద్దుగూకే దాకా వంతెన పట్టుకుని ఉండండి. మేము దాటుకుని హిమవతీ రాణి రాజ్యానికి పోతాం. మీరు చేసిందంతా చాలు, ఈ ఒక్క పూట ఇవ్వండి."

అమరకేతు కత్తి పిడి మీద చెయ్యి వేశాడు. "రేపు సూర్యాస్తమయం వరకు నా చివరి దళం వంతెనను కాపాడుతుంది. ఇది నా మాట."

బయటికి వచ్చాక మైలమ, "ఏమయ్యా, నమ్మొచ్చంటావా?" అంది.

"నమ్మకపోతే వేరే దారుందా?"

"లేదు. అందుకే అడిగినా."

మర్నాడు మిట్టమధ్యాహ్నం చావడిలో ఆడవాళ్ళు మూటలు కట్టుకుంటుండగా బడిలో పాఠం చెప్పే నాచి పరుగెత్తుకొచ్చింది. రొప్పుతోంది.

"అక్కా, కోట ఖాళీ."

పోయి చూశాం. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. పొయ్యి మీద గంజి పొంగి నిప్పుల్లో పడుతోంది. కుక్క ఒకటి వంటశాలలో దూరి తీరిగ్గా తింటోంది. బాకా ఊదలేదు, నగారా మోగించలేదు. ఉడుకుతున్న అన్నం వదిలిపెట్టి పోయారు. కొండల వైపు చూస్తే కాకులకొండ శిఖరం మీద నల్లటి మబ్బు విచ్చుకుంటోంది. మబ్బు కాదని అందరికీ తెలుసు.

ఆడవాళ్ళు కొందరు నేల మీద కూలబడ్డారు. మైలమ కూలబడలేదు. ఆయుధశాల తలుపు కాలితో తోసింది. లోపల ఇనుప కవచాలు, ముఖం మూసే శిరస్త్రాణాలు, నేను కుట్టిన జోళ్ళు గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. మోసుకుపోవడం బరువనుకుని వదిలేశారు.

"తొడుక్కోండి," అంది మైలమ. "వజ్రకూటం కవచాన్ని వాడు ముట్టుకోడు. వంతెన దాటేదాకా మనమే వజ్రకూటం చివరి దళం."

నేను జోళ్ళు ఏరి ఇస్తూ పోయాను. పెద్దవైనవాళ్ళకు లోపల గుడ్డపీలికలు కుక్కాను. జోళ్ళ తోలు వారులు మోకాలి దాకా బిగించి కట్టాను. నాచి శిరస్త్రాణం పెట్టుకుని వెంటనే తీసేసింది.

"దీంట్లో ఎవరో చచ్చిపోయి ఉంటారు. ఇదేం కంపు."

"కంపు కాదే, వీరత్వం," అంది ఆకమ్మ. మంత్రసాని. ఊళ్ళో సగంమంది బొడ్డు కోసింది ఆమే, నాతో సహా. "ఒరే బొల్లా, ఈ కవచానికి రొమ్ము దగ్గర చోటు లేదు గదరా. ఎవుడు చేసినాడు దీన్ని?"

"నేను జోళ్ళే చేసినా ఆకమ్మా. కవచాలు వాళ్ళవి."

"వాళ్ళకు ఆడది ఉంటాదని తెలిస్తే గదా."

నవ్వారు. ఆ రోజు నవ్వింది అంతే.

అందరూ బారులు తీరాక మైలమ ఎదురుగా నిలబడింది. "ఒకటే మాట. వంతెన దగ్గర జోళ్ళు విప్పొద్దు. వజ్రకూటమోడు జోళ్ళతోనే తొక్కుతాడు. మీరూ తొక్కాలి. పింగళమ్మ తల్లికి దండం మనసులో పెట్టుకోండి."

ఆ మాట ఎందుకు చెప్పిందంటే, మా దేశంలో ఎవరూ ఆ వంతెన మీద జోళ్ళతో కాలు పెట్టరు. నది మాకు తల్లి. తల్లి ఒంటి మీద చెప్పులతో నడవం. పెళ్ళికొడుకైనా, పాడె మోసేవాడైనా వంతెన మొదట్లో వంగి, జోళ్ళు విప్పి, చేతబట్టుకుని దాటాలి. నడక నేర్చిన నాటి నుంచీ అదే అలవాటు. వజ్రకూట సిపాయిలు జోళ్ళతో దడదడ దాటుతుంటే మా ఊరివాళ్ళు ముఖం తిప్పుకునేవాళ్ళు.

బయల్దేరాం. నేనూ కవచం తొడుక్కుని చివరి వరసలో మైలమ పక్కన నడిచాను.

నగరం మీద పొగ దిగుతోంది. బురుజుల చుట్టూ నల్లని పాముల్లా చుట్టుకుంటూ, మేడల కిటికీల్లో తొంగిచూస్తూ, తోరణాల మీద బూజులా వేలాడుతూ దిగింది. పగలు ఉండగానే వీధులకు చీకటి పట్టింది. కోట ద్వారం మీద ఏనుగు బొమ్మల కళ్ళల్లోంచి మసి కారింది. రెక్కలు నల్లబడ్డ పావురాలు గోపురం నుంచి రాలి పడుతున్నాయి. ఆ పొగలోంచి మాంత్రికుడి రౌతులు వచ్చారు. బల్లాల చివర పొగ జెండాలు. వాళ్ళ ముందు పొగకుక్కలు. వాటికి ఒళ్ళు లేదు, పళ్ళు మాత్రమే కనిపిస్తాయి.

బజారు మలుపులో ఒక రౌతు మా వరసకు అడ్డం వచ్చాడు. బల్లెం మొనతో నాచి శిరస్త్రాణం తట్టాడు.

"ఏరా, మీసాలు కూడా రాలేదేమో. ముఖం చూపించి పో."

మైలమ ముందుకు వచ్చింది. వజ్రకూట భాష ఆమెకు బాగా వచ్చు. గొంతు బరువు చేసి ఆ భాషలోనే అంది: "ముట్టుకో. ఇనుము మీద వేలు పెట్టు. మీ గురువు తల మీద పొగ మిగులుతుందో లేదో అందరం చూద్దాం."

రౌతు బల్లెం వెనక్కి తీశాడు. కుక్క మాత్రం కదల్లేదు. ఆకమ్మ కాళ్ళ చుట్టూ తిరిగి వాసన చూసింది. మంత్రసాని ఒంటి నిండా వాము, ఆముదం వాసన. కుక్క ముక్కు ముడిచి గట్టిగా తుమ్మింది. తుమ్ముకు దాని ముందుకాళ్ళు చెదిరి గాలిలో కలిశాయి. ఆకమ్మ జోడుతో ఒక తన్ను తన్నింది. మిగతా సగం కూడా చెదిరింది. రౌతులు తమ కుక్కను చూసి తామే నవ్వుకుంటుంటే మేము మలుపు తిరిగిపోయాం.

కోట బయట దారి లోయలోకి దిగుతుంది. పింగళవేణి అక్కడ రెండు ఎర్రటి కొండచరియల నడుమ పడి ఉరుకుతుంది. నీళ్ళు తేనె రంగులో ఉంటాయి. పైకి లేచే తుంపర ఎండలో పసుపు చల్లినట్టు కనిపిస్తుంది. లోయకు అడ్డంగా వంతెన. అడవితీగలతో పేనిన రెండు మోకులు, వాటి నుంచి వేలాడే వెదురు బద్దల బాట. ఒక్కొక్క గుర్రాన్నే నడిపించాలి. అందుకనే వజ్రకూటం వాళ్ళు ఇంకా పూర్తిగా పోలేదు. అవతలి ఒడ్డున బారులు సర్దుకుంటున్నారు. వాళ్ళ ముందు తెల్ల గుర్రం మీద అమరకేతు.

ఇవతలి ఒడ్డున వంతెన మొదట్లో రాతి దిమ్మె మీద ఉగ్గన కూర్చుని తమలపాకు నములుతున్నాడు. మాంత్రికుడి కుడిభుజం వాడు. పక్కన ఆనించిన బల్లేనికి పొగ ముసుగులు చుట్టి ఉన్నాయి. అటూ ఇటూ రౌతులు. మమ్మల్ని చూసి వాడు చెయ్యి ఊపాడు.

"పొండి, పొండి. మీ ఇంటికాడ పెళ్ళాలు ఎదురుచూస్తుంటారు."

ముందు వరసలు జోళ్ళతోనే వంతెన ఎక్కాయి. వెదురు దడదడలాడింది. నాచి ఎక్కింది. వరస వెంట వరస ఎక్కింది. మధ్యలో ఆకమ్మ వంతు వచ్చింది.

ఆకమ్మ వంతెన మొదట్లో ఆగింది. వంగింది. మోకాలి దాకా ఉన్న వారులు విప్పి, జోళ్ళు తీసి, చేతబట్టుకుని, నదికి దండం పెట్టి, ఎడమకాలు వెదురు మీద పెట్టింది.

ఆమె పక్కనున్న ఆడమనిషి కూడా వంగింది. ఆ పక్కనామె కూడా. వెనక వరస వరసంతా వంగి జోళ్ళు విప్పింది. ఎవరూ ఆలోచించి చేసిన పని కాదు. చేతులు వాటంతట అవే పోయాయి. వంతెన మీదున్నవాళ్ళు వెనక్కి చూసి, తాము తల్లి ఒంటి మీద జోళ్ళతో ఉన్నామని గుర్తొచ్చి, ఉన్నచోటే విప్పుకున్నారు. మైలమ వద్దనే లోపే అయిపోయింది.

ఉగ్గన నమలడం ఆపాడు. దిమ్మె దిగాడు.

"వజ్రకూటమోళ్ళకు మన నది మీద ఇంత భక్తి ఎప్పుడు పుట్టిందిరా?"

వాడు ముసుగుల బల్లెం అందుకుని, అవతలి ఒడ్డుకేసి కేక వేశాడు.

"సేనాపతీ, వీళ్ళు నీ వాళ్ళేనా? నీ వాళ్ళంటే పంపించేస్తా. ప్రమాణం ప్రమాణమే."

ఒక్క మాట చాలు. అవునంటే చాలు. అమరకేతు గుర్రం మీద కదలకుండా మా వైపు చూశాడు. మేమెవరో అతనికి తెలుసు. వంతెన మీద చేతిలో జోళ్ళతో నిలబడ్డది ఎవరో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది.

"మా వాళ్ళంతా ఈ ఒడ్డుకు వచ్చేశారు," అన్నాడు.

రౌతులు గుర్రాలు దిగుతున్నారు. మైలమ శిరస్త్రాణం తీసి నా చేతికిచ్చింది. "ఆకమ్మను వీపున ఎక్కించుకో. నడుస్తా ఉండు. వెనక్కి తిరగొద్దు," అని, వెనక వరసను ముందుకు తోసి, వంతెన మీదికి వచ్చి, మా వీపులకూ ఉగ్గనకూ నడుమ నిలబడింది. రెండు చేతులతో రెండు మోకులూ పట్టుకుంది.

"అమరకేతూ," అంది. చావడిలో పిలిచే గొంతు అది. కొండలు తిరిగి పలికాయి. "నేను వంతెన మీద నిలబడి అడుగుతాన్నా. నీ మీద విచారణ ఉంది."

వంతెన మీద నిలబడి అడిగినదానికి అబద్ధం చెబితే పింగళవేణి ఊరుకోదని మా నమ్మకం. వజ్రకూట సిపాయిలు మా దేశంలో ఏళ్ళ తరబడి ఉన్నారు. వాళ్ళకూ ఆ నమ్మకం అంటుకుంది. అవతలి బారుల్లో గుసగుసలు లేచాయి.

రౌతులు ముందుకు రాబోతే ఉగ్గన చెయ్యి అడ్డం పెట్టాడు. వాడికి అమరకేతు అంటే పాత పగ. ముఖం విప్పారింది. "ఆగండ్రా. దీని ఆఖరి విచారణ. విందాం. యాడికి పోతాది." మళ్ళీ దిమ్మె మీద కూర్చున్నాడు.

నేను ఆకమ్మను వీపున వేసుకుని నడిచాను. ఆడవాళ్ళంతా నడిచారు. ఉత్త పాదాలు. వెదురు మీద చప్పుడే లేదు. జోళ్ళతో ఉంటే దడదడ వినిపించేది, ఉగ్గన కళ్ళు మా మీదే ఉండేవి. ఇప్పుడు వాడి కళ్ళు అమరకేతు మీద ఉన్నాయి.

"నిన్న నీ గుడారంలో నాకేమి చెప్పినావు?"

అమరకేతు ఏదో గొణిగాడు.

"వినపడలేదు. గాలి ఎక్కువుంది. గట్టిగా చెప్పు. నీ సిపాయిలు కూడా వినాల."

"సూర్యాస్తమయం వరకు వంతెనను కాపాడతానన్నాను."

"ఎవురి కోసరం?"

"మీ ఆడవారి కోసం."

"పొద్దు ఇప్పుడు యాడుంది?"

అతను పైకి చూడలేదు. చూడక్కర్లేదు. ఎండ అతని కవచం మీద మెరుస్తోంది.

"పొద్దుండగానే ఎందుకు పోయినావు?"

"ఆజ్ఞ వచ్చింది."

"పొద్దున వచ్చిందా?"

మేము వంతెన నడిమికి వచ్చాం. ఆకమ్మ నా చెవిలో పింగళమ్మ పేరు జపిస్తోంది. ముందున్న నాచి అవతలి ఒడ్డుకు దగ్గరవుతోంది. అక్కడ సిపాయిలు అడ్డంగా నిలబడి ఉన్నారు.

"అడిగినాను గదా. ఆజ్ఞ ఎప్పుడొచ్చింది, అమరకేతూ?"

అతను గడ్డం తడుముకున్నాడు. నది కేసి చూశాడు. "మీరు నా గుడారానికి రాకముందే," అన్నాడు.

అంటే మాట ఇచ్చేటప్పుడే అది అబద్ధమని అతనికి తెలుసు. మమ్మల్ని వాకిట్లోంచి పంపించడానికి ఇచ్చిన మాట అది. అవతలి బారుల్లో గుసగుసలు ఆగిపోయాయి. అడ్డంగా నిలబడ్డ సిపాయిల్లో ఒక ముసలివాడు, నుదుటి మీద పాత గాయమున్నవాడు, సేనాపతి వైపు చూడకుండా పక్కకు జరిగాడు. అతన్ని చూసి పక్కవాడు జరిగాడు. దారి ఏర్పడింది. నాచి ఒడ్డెక్కింది. ఆమె వెనక ఒక్కొక్కరే ఎక్కారు.

ఉగ్గన అప్పుడు చూశాడు. తమలపాకు ఉమ్మేశాడు. "ఏయ్, జారుకుంటాన్నారు. కప్పండ్రా," అని లేచి బల్లెం విదిలించాడు.

నేను ఆకమ్మను ఒడ్డున దించి వెనక్కి తిరిగాను. పొగ ముసుగు వల విసిరినట్టు విచ్చుకుని మైలమ మీద పడింది. ఆమె ఏదో చెబుతోంది. మాట సగంలో తెగింది. పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆమె గొంతు గువ్వపిట్టలా నా కళ్ళ ముందే కాకులకొండ వైపు ఎగిరిపోయింది. ఉగ్గన బల్లెం దిగింది. ఆమె మోకులు వదల్లేదు. ఆమె పక్కల నుంచి పొగ వెదురు మీద పాకుతూ మా వైపు వస్తోంది. నీళ్ళ మీదుగా అది రాలేదు, వంతెన ఉంటే రాగలదు. చివరి వరసలో ఆడవాళ్ళు అప్పుడే ఒడ్డెక్కారు.

మైలమ తల తిప్పి నన్ను చూసింది. చావడిలో విచారణ ముగిసిందని చెప్పేటప్పుడు ఆమె అరచెయ్యి చాచి నేల వైపు దించేది. ఆ తర్వాత ఎవరూ వాదించకూడదు. కుడిచెయ్యి మోకు మీంచి తీసి, అరచెయ్యి చాచి, కిందికి దించింది.

నేను తోలు కోసే కత్తి తీశాను. ఎడమవైపు మోకు కోశాను. కుడివైపు మోకు మీద ఆ ముసలి సిపాయి గొడ్డలి వేశాడు. వంతెన తెగింది.

పొగ నీళ్ళల్లో పడి బుసకొట్టి ఆరిపోయింది. మిగతా సంగతి నేను చూడలేదు. చూడనక్కర్లేదు.

శంఖగిరి వైపు ఒడ్డున ఉగ్గన మనుషులు గుర్రాలెక్కి ఎగువకు పోయారు. ఎగువన బండరాయి ఒకటి నదికి అడ్డంగా పడి ఉంది. దాని మీదుగా గుర్రాలు దుమకగలవు. మాకు మిగిలింది కొద్ది వ్యవధి.

అమరకేతు గుర్రం దిగి శిరస్త్రాణం తీశాడు. "ఆమె మహనీయురాలు. మా రాజధానిలో ఆమె పేరున ఒక..."

"ఆ పేరు నీ నోటితో అనొద్దు," అన్నాను.

ఆకమ్మ మా నడుమకు వచ్చింది. "మాటలు నీ దగ్గరే పెట్టుకో నాయనా. గుర్రాలు ఇవ్వు."

అతను ఇవ్వమని చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేదు. సిపాయిలే దిగి కళ్ళేలు ఆడవాళ్ళ చేతికిచ్చారు. ముసలి సిపాయి తన గొడ్డలి నాకిచ్చాడు. వాళ్ళు తూర్పు దారి పట్టారు. మేము ఉత్తరాన కనుమ ఎక్కాం.

కనుమ అంతా మంచు. దారికి ఇరువైపులా నీలం రాళ్ళు నిలువుగా లేచి ఆకాశాన్ని సన్నటి పేలిక చేశాయి. చెట్టు లేదు, పిట్ట లేదు. గాలి రాతి సందుల్లో దూరి ఏడుస్తోంది. గుర్రాల ముక్కుల్లోంచి వచ్చే ఆవిరి గడ్డకట్టి కళ్ళేల మీద వేలాడుతోంది. ఆడవాళ్ళ పాదాలు పగిలి నెత్తురు కారుతుంటే నాచి వెనక్కీ ముందుకూ తిరుగుతూ జోళ్ళు తొడిగించింది. పొద్దు వాలుతుండగా హిమవతీ రాణి కొండద్వారం కనిపించింది. రెండు కొండల నడుమ బిగించిన కంచు తలుపు. గోడ మీద విలుకాళ్ళు.

మేము కేక వేసే లోపే బాణాలు ఎక్కుపెట్టారు. మా ఒంటి మీద వజ్రకూట కవచాలున్నాయి. ఆ రాణికి వజ్రకూటం కూడా శత్రువే.

"అక్కడే ఆగండి. ఎవరు మీరు?" గోడ మీది దళపతి అరిచాడు.

నాచి శిరస్త్రాణం తీసి పారేసింది. ఆడవాళ్ళంతా తీశారు. జుట్లు విడిపోయి గాలికి ఎగిరాయి. విలుకాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"శంఖగిరి ఆడవాళ్ళం. మా వెనక మాంత్రికుడి మనుషులు వస్తున్నారు. తలుపు తెరవండి."

"వంతెన మీద మాంత్రికుడి కాపలా ఉందని మా వేగులు చెప్పారు. ఎట్లా దాటారు? మీరు వాడు పంపిన మాయ కాదని నమ్మేదెట్లా?" దళపతి నన్ను వేలితో చూపాడు. "నువ్వు చెప్పు. మగవాడివి నువ్వొక్కడివే ఉన్నావు. వంతెన దగ్గర ఏం జరిగింది?"

"నన్ను అడగొద్దు," అన్నాను. "వాళ్ళను అడుగు. వాళ్ళకు గొంతులున్నాయి."

వాడు తలుపు వైపు, మా వైపు మార్చి మార్చి చూశాడు. "అయితే చెప్పండమ్మా."

నాచి మొదలుపెట్టింది. ఆకమ్మ అందుకుంది. తర్వాత ఒకరి మాట మీద ఒకరు, అందరూ చెప్పారు. ఆ గొంతులు కొండ గోడలకు కొట్టుకుని పెద్దవయ్యాయి. గోడ మీద ఒక విలుకాడు విల్లు దించాడు. లోపల ఎక్కడో గడియ గొలుసు కదిలిన చప్పుడయింది. కంచు తలుపు కొద్దిగా కదిలి, మనిషి దూరేంత కూడా తెరుచుకోకుండానే ఆగింది.

నేను వినలేదు. వాళ్ళకు వీపు తిప్పి, గొడ్డలి పట్టుకుని, దిగువ దారికేసి నిలబడ్డాను. మలుపు కింద గుర్రాల డెక్కల చప్పుడు వినిపిస్తోంది. నల్లటి పొగ తోక ఒకటి రాళ్ళ మీద పాకుతూ పైకి వస్తోంది.

"అన్నా," అంది వెనక నుంచి నాచి. "దళపతి ఒక్కటే అడుగుతాన్నాడు. మోకు కోసింది ఎవరని."

నేను తిరగలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. తలుపు తెరుచుకుని లోపలికి పోయాక చాలామంది అడిగారు. రాణి అడిగింది, ఆస్థానంలో అడిగారు, మా శంఖగిరి వాళ్ళ పిల్లలు అడిగారు. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ ఒక్కసారి రాశాను. ఇంక ఆ వంతెన మాట నేను ఎత్తను.